స్టేజీ మీద ల్యాప్‌టాప్ మానేద్దామనుకుంటున్నాను. మిడి ఫైళ్ళు, ఆడియో ట్రాకులు రెండూ వాయించే పెట్టె ఏది తీసుకోవాలి?

కావలి కీబోర్డు

అందరికీ నమస్కారం. మాది కావలి. పద్నాలుగేళ్ళుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, ఉలవపాడు నుంచి నాయుడుపేట దాకా ఎవరు పిలిచినా వెళ్తాం. చిన్న ట్రూపు మాది. ఇద్దరు గాయకులు, ఒక గాయని, ప్యాడ్స్ (పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) ఒకరు, తబలా, ఢోలక్ ఒకరు, నేను. గిటారు వాయించే అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. కాబట్టి బేస్ గిటారు, ఫ్లూటు, వయొలిన్ల గుంపు ల్యాప్‌టాప్‌లోంచి వస్తాయి, మిగతాది మేం వాయిస్తాం.

మొన్న వైశాఖంలో మాకు దగ్గరలోనే ఒక ఊళ్ళో తిరునాళ్ళ. రాత్రి పదకొండు దాటింది. పగలంతా ఎండకి కాలిన రేకుల పందిరి, దాని కింద రెండు గంటలుగా నడుస్తున్న ల్యాప్‌టాప్. మా గాయని రెండో చరణం ఎత్తుకుంది. ఉన్నట్టుండి వయొలిన్లు ఒకే ముక్క దగ్గర టకటకమని చిక్కుకుని ఆగిపోయాయి. స్క్రీన్ నల్లబడింది. ప్యాడ్స్ తమ్ముడు తాళం వదల్లేదు. నేను కుడిచేత్తో వయొలిన్ బిట్ అందుకుని, ఎడమచేత్తో బేస్ పట్టుకుని ఆ చరణం దాటించాను. అమ్మాయి గొంతు ఎక్కడా తొణకలేదు. కింద కూర్చున్నవాళ్ళలో చాలామందికి తెలియను కూడా తెలియలేదు. నాకు మాత్రం చేతులు చల్లబడిపోయాయి. ల్యాప్‌టాప్ మళ్ళీ లేచి పాటల ఫోల్డర్ తెరుచుకునేసరికి ఇంకో రెండు పాటలు అయిపోయాయి. ఆ రెండూ ముగ్గురమే లాగాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నటుడు రాగం ఎంతసేపు తీస్తే అంతసేపు ఆయన వేళ్ళు వెనకే నడిచేవి. జనంలోంచి "వన్స్ మోర్" అని కేక పడితే పద్యం మళ్ళీ మొదలయ్యే లోపే శ్రుతి సిద్ధంగా ఉండేది. మా వైపు తిరునాళ్ళలో ఇప్పటికీ ఆ కేక పడుతుంది. ట్రాక్ పెట్టి పాడేటప్పుడు ఆ కేకకి మా దగ్గర జవాబు లేదు. ట్రాక్ అయిపోతే పాట అయిపోయినట్టే. అడిగిన పెద్దాయన మొహం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అందుకని ఇప్పుడు నాకు కావలసింది ఇది. కంప్యూటర్ లేకుండా పెన్‌డ్రైవ్‌లోంచి మిడి ఫైళ్ళు (కీబోర్డు చదివి వాయించే స్వరాల రాత), ఆడియో ఫైళ్ళు వాయించాలి. కాలితో నొక్కితే మొదలవ్వాలి, కాలితో ఆగాలి. శ్రుతి మార్చుకునే వీలుండాలి. మా గాయని ఐదున్నర శ్రుతిలో పాడుతుంది, గొంతు పట్టేసిన రోజు ఐదుకి దించాలి. తబలా ఆయన వచ్చిన రోజు ఫైల్లో ఉన్న తబలా ఒక్కటీ మూసెయ్యగలగాలి. వన్స్ మోర్ అంటే చరణానికి వెనక్కి వెళ్ళగలగాలి. ఇప్పుడు నా దగ్గరున్నది కోర్గ్ పీఏ600 కీబోర్డు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాంట్లో స్టైళ్ళు, సౌండ్లు తప్ప ఇంకేమీ వాడలేదు. 60 వేల దాకా పెట్టగలను. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఒంగోలు పాత కీబోర్డు

తమ్ముడూ, డబ్బు జేబులోనే ఉంచు. నువ్వు కొనాలనుకుంటున్న పెట్టె నీ ఒళ్ళోనే ఉంది.

పీఏ600లో రెండు ప్లేయర్లు ఉన్నాయి. ఒకదాంట్లో పాట నడుస్తుండగా రెండోదాంట్లో తర్వాతి పాట ఎక్కించి పెట్టుకోవచ్చు. మిడి ఫైలూ వాయిస్తుంది, ఎంపీ3 కూడా వాయిస్తుంది. మిడి పాట నడిచేటప్పుడు స్క్రీన్ మీద 16 ట్రాకులూ కనిపిస్తాయి, ఏది వద్దనుకుంటే అది మూసెయ్యొచ్చు. వెనక పెడల్ జాక్ ఉంది, దానికి ప్లేయర్ స్టార్ట్, స్టాప్ పని అప్పజెప్పొచ్చు. మిడి పాటల్లో మార్కర్లు, అంటే నొక్కితే పాట ఆ చోటికి దూకే గుర్తులు, కూడా పెట్టుకోవచ్చు. నీ వన్స్ మోర్‌కి జవాబు ఆ మార్కరే. మాన్యువల్ ఒకసారి తీరిగ్గా చదువు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి మాన్యువల్ చేతికి రాదు, అసలు చిక్కు అక్కడే వస్తుంది.

మేం 1990ల చివర్లో ఫ్లాపీలు పట్టుకుని తిరిగేవాళ్ళం. 1.44 ఎంబీ ఫ్లాపీలో పాతిక, ముప్ఫై పాటలు పట్టేవి. ఎందుకంటే మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎంతసేపు, ఏ వాయిద్యం అనే రాత మాత్రమే ఉంటుంది. నోట్‌బుక్‌లో రాసుకున్న స్వరాల్లాంటిదే అది, చదివి వాయించేది కీబోర్డు. అందుకే శ్రుతి దించినా పెంచినా, వేగం మార్చినా సౌండ్ చెడిపోదు. ఎంపీ3 అలా కాదు. అది తయారైన శబ్దం. ఒక మెట్టు, రెండు మెట్లు కదిపితే సర్దుకుంటుంది, అంతకు మించితే ఢోలక్ గొంతే మారిపోతుంది.

మరి అన్నీ మిడిలోనే చేసుకోవచ్చు కదా అంటే, మన పాటలకి అది సరిపోదు. 1991లో జనరల్ మిడి అని ఒక పద్ధతి వచ్చింది. ఏ కంపెనీ కీబోర్డులోనైనా ఒకే నంబరుకి ఒకే రకం వాయిద్యం పలకాలని 128 నంబర్లు కేటాయించారు. వాటిలో 105 సితార్, 112 షెహనాయ్. వీణ లేదు. నాదస్వరం లేదు. మృదంగం, తబలా లేవు. మన పాటకి ప్రాణం ఎక్కడుందో అక్కడే ఖాళీ. కీబోర్డు కంపెనీలు ఇండియన్ సౌండ్లు వేరే బ్యాంకుల్లో ఇస్తాయి, కానీ ఒక కీబోర్డు కోసం చేసిన ఫైలు ఇంకోదాంట్లో పెడితే తబలా చోట ఏదో టకటక వినిపిస్తుంది. కాబట్టి బేస్, స్ట్రింగ్స్, పియానో మిడిలో ఉంచు. వీణ, నాదస్వరం లాంటివి ఆడియోగా ఉంచు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, నువ్వు చెయ్యకుండా ఉండటానికి. గాయకుడి కోసం పాటని కంప్యూటర్లో రెండు మెట్లు దించుదామని అన్ని ట్రాకులూ సెలెక్ట్ చేసి ఒకేసారి దించేశాను. 10వ ఛానల్ కూడా అందులో ఉంది. 10వ ఛానల్ అంటే డ్రమ్స్. అక్కడ నోటు నంబరంటే స్వరం కాదు, ఒక్కో నంబరుకి ఒక్కో వాయిద్యం. 38 స్నేర్, 36 కిక్. రెండు మెట్లు దించేసరికి స్నేర్ కాస్తా కిక్ అయింది. 42 హై-హ్యాట్ కాస్తా 40 అయ్యి ఎలక్ట్రిక్ స్నేర్‌గా పలికింది. అద్దంకిలో స్టేజీ మీద పాట మొదలెడితే హై-హ్యాట్ రావలసిన చోటల్లా స్నేర్ వాన కురిసినట్టు కురిసింది. పాడేవాడు నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కీబోర్డు మీదున్న ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే డ్రమ్స్ జోలికి వెళ్ళదు. కంప్యూటర్లో ఎడిట్ చేసేటప్పుడు మాత్రం 10వ ఛానల్‌ని పక్కన పెట్టాలి.

ఫైల్ సేవ్ చేసేటప్పుడు టైప్ 0 అని ఎంచుకో. టైప్ 1లో ట్రాకులు విడివిడిగా ఉంటాయి, టైప్ 0లో అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పాత హార్డ్‌వేర్ ప్లేయర్లలో కొన్ని టైప్ 0 మాత్రమే చదువుతాయి. నీ కీబోర్డు రెండూ చదివినా, రేపు ఇంకొకరి కీబోర్డు మీద వాయించాల్సి వస్తే పనికొస్తుంది.

కావలి కీబోర్డు

అన్నా, రాత్రి కూర్చుని చూశాను. మీరు చెప్పినవన్నీ ఉన్నాయి. మూడేళ్ళుగా ఈ కీబోర్డు నా దగ్గరుంది, రెండో ప్లేయర్ ఉందని నాకు తెలియదు. చాలా థాంక్స్.

కానీ ఒక ఇబ్బంది వచ్చింది. నాలుగు పాత మిడి ఫైళ్ళు ఎక్కించి చూస్తే, మొదటి నోటు ఒక్కోసారి వేరే సౌండ్‌తో పలుకుతోంది. ఫ్లూటు రావలసిన చోట మొదటి ముక్క పియానోలాగా తగిలి, ఆ తర్వాత ఫ్లూటు అవుతోంది. ఇంకో ఫైల్లో ఫ్లూటు మొదటి నుంచి చివరి దాకా పికలోలాగా సన్నగా ఉంది. ఫైలు పాడైపోయిందంటారా?

ఒంగోలు పాత కీబోర్డు

పాడవలేదు తమ్ముడూ. మొదటిది హడావిడి వల్ల. ఏ ఛానల్లో ఏ వాయిద్యం పలకాలో చెప్పే ప్రోగ్రాం చేంజ్, వాల్యూమ్, ఎకో మెసేజులన్నీ మొదటి నోటుతో పాటే ఒకే చోట కుక్కి ఉంటాయి. మామూలు మిడి కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు. అంటే ఒక నోటు సందేశం దాటడానికి దాదాపు ఒక మిల్లీ సెకను. అన్నీ ఒకేసారి తోసుకుంటే ఏదో ఒకటి వెనకబడుతుంది. నీ ఫైలు కేబుల్ దాటకుండా కీబోర్డు లోపలే నడుస్తున్నా, సౌండ్ మారడానికి దానికీ కాస్త వ్యవధి కావాలి. పాటకి ముందు రెండు బార్లు (తాళం ఆవర్తాలు) చేర్చు. మొదటి బార్‌లో నోట్లేమీ ఉండకూడదు, ప్రోగ్రాం చేంజులు ఒక్కో ఛానల్‌వీ కాస్త ఎడంగా పేర్చు. రెండో బార్‌లో సైడ్ స్టిక్ (స్నేర్ అంచు మీద పుల్ల కొట్టే శబ్దం) నాలుగు దెబ్బలు పెట్టు. ప్యాడ్స్ అబ్బాయికి వేగం అందుతుంది, పాడేవాళ్ళు కూడా సిద్ధమవుతారు.

రెండోది లెక్క తేడా. కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 నుంచి 128 అని లెక్కపెడతాయి, కొన్ని 0 నుంచి 127 అని. ఫ్లూటు 1 నుంచి లెక్కపెడితే 74. దాని ముందు 73 పికలో, వెనక 75 రికార్డర్. ఎవరో ఎడిట్ చేసినప్పుడు ఒక అంకె జారింది. ఒకటి కలిపి చూడు.

హైదరాబాద్‌లో కందుకూరు వాడు

విడిగా పెట్టే పెట్టె కావాలంటే ఇటలీలో ఎమ్-లైవ్ అనే కంపెనీ మెరిష్ అని చేస్తుంది. లోపలే సౌండ్లు ఉంటాయి, మిడి, ఎంపీ3 రెండూ వాయిస్తుంది, పాట సాహిత్యం స్క్రీన్ మీద చూపిస్తుంది. ఒక్కరే పాడుకునేవాళ్ళకి చాలా బాగుంటుంది. కానీ పైన అన్న చెప్పిన వీణ, తబలా సమస్య దానికీ ఉంటుంది. పాడైతే రిపేరుకి ఎక్కడికి పట్టుకెళ్తారో కూడా కొనే ముందే ఆలోచించండి. కోర్గ్, యమహా, రోలాండ్ అయితే చెన్నైలో చూసేవాళ్ళు దొరుకుతారు, పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగుతారు. మీ బడ్జెట్‌లో అయితే పీఏ600ని పూర్తిగా వాడటమే నయమని నా ఉద్దేశం.

కోవూరు మైక్‌సెట్

కీబోర్డు వాళ్ళు ప్లేయర్ గురించి ఎంత మాట్లాడుకున్నా, చివరికి అది పలికేది మా మిక్సర్లోంచే కాబట్టి నా మాట కూడా వినండి.

మీ ల్యాప్‌టాప్ పోవడానికి ఎండే కారణం కావచ్చు, కానీ కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. తిరునాళ్ళలో సీరియల్ లైట్లు, ఫోకస్ లైట్లు, మా ఆంప్లిఫయర్లు అన్నీ ఒకే జనరేటర్ మీద నడుస్తాయి. బేస్ గట్టిగా కొట్టిన ప్రతిసారీ ఓల్టేజీ కిందికి జారుతుంది. లైట్లు పాటతో పాటే మసకబారుతుంటే అదే గుర్తు. కీబోర్డు, ప్లేయర్ లాంటివి ఆ జారుడు తట్టుకోలేక రీస్టార్ట్ అవుతాయి. కంప్యూటర్‌కి వాడే మామూలు 600 వీఏ యూపీఎస్ ఒకటి తెచ్చుకుని కీబోర్డు, ప్లేయర్ రెండే దాని మీద పెట్టండి. ఆంప్లిఫయర్ మాత్రం పెట్టొద్దు. కమిటీ వాళ్ళతో మాట్లాడి స్టేజీ వాయిద్యాలకి జనరేటర్ దగ్గర నుంచి వేరే లైన్ లాగించుకోండి. లైట్ల లైన్‌లోంచి తీసుకుంటే గర్రుమనే శబ్దం కూడా వెంటే వస్తుంది.

ఆ హమ్ గురించి ఇంకో మాట. కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్స్ (వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చి పంపే చిన్న పెట్టె) పెట్టండి, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ని విడదీసేది) ఉన్నది. హమ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్ళని చూశాను. అలా ఎప్పుడూ చెయ్యొద్దు. మంచు పడిన రాత్రి ఇనుప స్టాండు మైకు పట్టుకుని పాడేది మీ మనిషే. మిడి కేబుల్‌తో ఈ గొడవ రాదు. మిడి ఇన్ లోపల ఆప్టో-ఐసొలేటర్ అని ఒకటి ఉంటుంది, సంకేతాన్ని వెలుతురుగా మార్చి దాటిస్తుంది, రెండు పెట్టెల మధ్య కరెంటు సంబంధం ఉండదు.

ట్రాకులు చేసేవాళ్ళు ఇంట్లో హెడ్‌ఫోన్‌లో స్టీరియోలో విని మురిసిపోతారు. మా దగ్గర ఊరి పందిరిలో కుడి ఎడమ కలిపి మోనోలోనే వెళ్తుంది. కొన్ని స్టీరియో ఎఫెక్టులు మోనోలో కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంట్లో నిండుగా వినిపించిన వయొలిన్లు స్టేజీ మీద మాయమవుతాయి. అప్పుడు "మైక్‌సెట్ బాగాలేదు" అంటారు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు ఒకసారి మోనోలో వినండి. అన్ని పాటలూ ఒకే లెవల్లో ఉండేలా చూడండి. ఒక పాట గుసగుసలాగా, తర్వాతిది పిడుగులాగా వస్తే మేం ఫేడర్ దగ్గరికి వెళ్ళేలోపే పల్లవి అయిపోతుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ప్రోగ్రాం అయితే ఉప్పుగాలి, తేమ. మార్గశిరంలో మంచు. యూఎస్‌బీ పిన్నులు నల్లబడతాయి. కీబోర్డు మీద తువ్వాలు కప్పడం ఎవరూ మర్చిపోరు, పెన్‌డ్రైవ్‌ని మాత్రం రాత్రంతా దానికే గుచ్చి వదిలేస్తారు. ఒకేలాంటివి రెండు పెన్‌డ్రైవులు చేసుకుని రెండోది చొక్కా జేబులో ఉంచుకోండి.

గూడూరు ప్యాడ్స్

అన్నా, నేను మిడి ఫైళ్ళ జోలికి వెళ్ళను కానీ వన్స్ మోర్ గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నా దగ్గర రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్ఎక్స్ ఉంది. అది మిడి ఫైలు వాయించదు, వేవ్ ఫైలు (కుదించని ఆడియో) వాయిస్తుంది. 9 ప్యాడ్లు. నేను పాట మొత్తం ఒక ట్రాక్‌గా పెట్టను. ముక్కలు చేస్తాను. పల్లవి ముందు వచ్చే బిట్ ఒక ప్యాడ్, మొదటి ఇంటర్లూడ్ (పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే సంగీతం) ఒక ప్యాడ్, రెండో ఇంటర్లూడ్‌లో నాదస్వరం ఒక ప్యాడ్. చరణం పాడేటప్పుడు ట్రాక్ ఉండదు, మేమే వాయిస్తాం. గాయకుడు చరణం చివర ఆలాపన ఇంకో నాలుగు ఆవర్తాలు లాగాలనుకుంటే లాగుతాడు, నేను ఆగుతాను. ఆయన తల ఊపగానే ప్యాడ్ కొడతాను. వన్స్ మోర్ అన్నా అంతే, ఏ ముక్క కావాలంటే ఆ ముక్క మళ్ళీ కొడతాను.

ముక్కలు కోసేటప్పుడు మొదట్లో ఒక్క ఇసుమంత ఖాళీ కూడా మిగలకూడదు. కొట్టిన క్షణంలో శబ్దం రావాలి. నేను మొదట్లో ఎంపీ3 తీసుకుని వేవ్‌గా మార్చి అలాగే పెట్టేవాణ్ణి. ప్రతి బిట్టూ వెనకబడినట్టుండేది, తప్పు నా చేతిదే అనుకుని రోజూ ప్రాక్టీస్ పెంచాను. తర్వాత కంప్యూటర్లో వేవ్ ఆకారాన్ని బాగా పెద్దది చేసి చూస్తే మొదట్లో సన్నటి గీత, ఏమీ లేని నిశ్శబ్దం. ఎంపీ3గా మార్చినప్పుడే ఆ ఖాళీ చేరుతుంది. అది కత్తిరించాక చెయ్యి సరిగ్గా పడింది. అప్పటి నుంచి దొరికితే నేరుగా వేవ్‌లోనే తీసుకుంటాను. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. ఐదు నిమిషాల స్టీరియో పాటకి 50 ఎంబీ పైన అవుతుంది, ముక్కలకి అంత కూడా అక్కర్లేదు.

దీనికి మాస్టర్ అవుట్ కాక సబ్ అవుట్ అని విడిగా ఉంది. క్లిక్‌ని (వేగం చెప్పే టిక్ టిక్ శబ్దాన్ని) అటు పంపి నా చెవికి మాత్రమే వినిపించేలా పెట్టుకున్నాను.

కావలి కీబోర్డు

తమ్ముడూ, నీ మాట నా బుర్రలో రెండు రోజులు తిరిగింది. మా ప్యాడ్స్ అబ్బాయి దగ్గర పాత ఆక్టాప్యాడే ఉంది, దాంట్లో వేవ్ ఫైళ్ళు ఎక్కవు. నా 60 వేలు ప్లేయర్‌కి బదులు అటు పెడితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. ఈ లోపు మార్కర్లతో ప్రయత్నిస్తాను. ఏం జరిగిందో వచ్చి రాస్తాను.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి

ఒక చిన్న డౌట్. నేను పాడతాను, వాయించడం రాదు. నా దగ్గర 120 ఎంపీ3 కరోకే ట్రాకులు ఉన్నాయి. శ్రుతి సరిపోనివి చాలా ఉన్నాయి. స్టేజీ మీద అప్పటికప్పుడు మార్చకుండా ఏదైనా దారి ఉందా?

ఒంగోలు పాత కీబోర్డు

ఉంది సార్. ఇంట్లోనే కంప్యూటర్లో ఒక్కో పాటకి మూడు శ్రుతుల్లో చేసిపెట్టుకోండి. మీ శ్రుతి, ఒక మెట్టు కింద, రెండు మెట్లు కింద. కంప్యూటర్లో తీరిగ్గా చేసినది స్టేజీ మీద బటన్ నొక్కి చేసినదానికన్నా శుభ్రంగా ఉంటుంది. వేవ్‌లో పెట్టుకున్నా 360 ఫైళ్ళకి 19 జీబీ చాలు. 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్యండి, చాలా ప్లేయర్లు అది తప్ప చదవవు. ఫైల్ పేరు ముందు నంబరు పెట్టండి, దాని వెనక శ్రుతి. పేరు పొడవైతే చిన్న స్క్రీన్ మీద చివరున్న శ్రుతి కనిపించదు, తప్పు ఫైలు నొక్కుతారు.

కావలి కీబోర్డు

రెండు నెలలైంది, మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది.

ముందు నలభై మిడి పాటలు ఒంగోలు అన్న చెప్పినట్టు సరిచేశాను. ముందర రెండు బార్లు, ప్రోగ్రాం చేంజులు ఎడంగా, స్టిక్ నాలుగు దెబ్బలు. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం దగ్గర మార్కర్లు. కాలి కింద పెడల్. యూపీఎస్ కొన్నాను. కోవూరు అన్నా, మీరు చెప్పిన లైట్లు మసకబారే గుర్తు నిజంగానే కనిపించింది. పాటకి లైట్లు ఊగుతున్నాయి, కీబోర్డు మాత్రం కదల్లేదు.

సింగరాయకొండ దగ్గర ఒక పెళ్ళి రిసెప్షన్. భోజనాలు అయ్యాయి, పెద్దవాళ్ళు ముందు వరసలో కూర్చున్నారు. మా గాయకుడు పాత పాట ఒకటి పాడాడు. అయిపోగానే తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి, "అబ్బాయ్, రెండో చరణం ఇంకోసారి" అన్నాడు. నేను మార్కర్ నొక్కాను. బేస్, స్ట్రింగ్స్ సరిగ్గా చరణం దగ్గర అందుకున్నాయి. గాయకుడు నవ్వుతూ ఎత్తుకున్నాడు. ఇన్నేళ్ళలో ట్రాక్ పాటకి వన్స్ మోర్ పాడటం మాకు అదే మొదటిసారి. పెద్దాయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేసుకుంటూ విన్నాడు.

ఒక తప్పు మాత్రం జరిగింది. పాట చివర్లో 3వ ఛానల్ ఫ్లూటు నుంచి వయొలిన్‌కి మారుతుంది. వెనక్కి దూకినప్పుడు ఆ ఛానల్ వయొలిన్ గానే ఉండిపోయింది. చరణం మధ్యలో ఫ్లూటు పలకాల్సిన నాలుగు స్వరాలు వయొలిన్ పలికింది. ఇంటికొచ్చి ఫైలు తెరిచి చూస్తే కారణం తెలిసింది. ఫ్లూటు అని చెప్పే సందేశం పాట మొదట్లో ఒక్కసారే ఉంది. ఇప్పుడు ప్రతి మార్కర్ దగ్గరా, దానికి ఒక బీటు ముందు, ఏ ఛానల్లో ఏ వాయిద్యమో మళ్ళీ రాస్తున్నాను. వాల్యూమ్ కూడా. పని ఎక్కువే, పాటకి గంట పడుతోంది, కానీ ఒకసారి చేస్తే ఉండిపోతుంది.

ఇంకోటి మా నాన్న పట్టుకున్నాడు. ఇంట్లో రిహార్సల్ చేస్తుంటే వరండాలో పడక కుర్చీలో కూర్చుని విన్నాడు. ఆయనకి మిడి ఏమిటో ఆడియో ఏమిటో తెలియదు. పాట అయ్యాక, "ఇంటర్లూడ్ అయిపోయి చరణం అందుకునే చోట ఆ పిల్లకి ఊపిరి తీసుకునే జాగా ఏదిరా?" అన్నాడు. నిజమే. రికార్డింగ్‌లో అక్కడ ఖాళీ లేదు, ఫైలు చేసినవాళ్ళు ఉన్నదున్నట్టు చేశారు. ఐదో పాటకీ ఆరో పాటకీ మధ్య నీళ్ళు తాగి, నిలబడి, నవ్వుతూ, కమిటీ వాళ్ళకి సమాధానం చెప్తూ పాడే అమ్మాయికి ఆ అర బీటు చాలదు. ఆ పాటల్లో అక్కడ ఫైలుని ఆపేస్తున్నాను. ఇంటర్లూడ్ చివర ఒక స్ట్రింగ్స్ నోటు నేను చేత్తో పట్టుకుంటాను, తబలా ఆయన తాళం నడుపుతాడు, అమ్మాయి ఎత్తుకోగానే కాలు నొక్కుతాను. మొదటి రెండుసార్లు నా కాలు ఆలస్యమైంది. ఇప్పుడు ఆమె భుజం లేచేది చూసి నొక్కుతున్నాను, పల్లవిలాగే కలుస్తోంది.

అందుకే గూడూరు తమ్ముడి దారిలోనే వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. బేస్, స్ట్రింగ్స్ మిడిలో నా దగ్గర. వీణ, నాదస్వరం, ఫ్లూటు బిట్లు ముక్కలుగా మా ప్యాడ్స్ అబ్బాయి చేతిలో. ప్లేయర్ కోసం దాచిన డబ్బుతో వాడికి ఎస్‌పీడీ-ఎస్ఎక్స్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాం. గూడూరు తమ్ముడూ, కొనే ముందు ఏమేం చూడాలి? ప్యాడ్లు అరిగిపోయాయో లేదో ఎలా తెలుస్తుంది?

గూడూరు ప్యాడ్స్

అన్నా, అమ్మేవాళ్ళింటికే వెళ్ళి చూడండి, ఫొటోలు నమ్మొద్దు. 9 ప్యాడ్లకీ ఒకే సౌండ్ పెట్టి, ఒక్కోదాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టండి. అన్నిట్లోనూ ఒకేలా పెరగాలి. మూలల్లో కూడా కొట్టండి, మధ్యలో పలికి మూలన పలకకపోతే వద్దు. ఒక ప్యాడ్ గట్టిగా కొట్టినప్పుడు పక్క ప్యాడ్ దానంతటదే మోగుతుందేమో చూడండి. కొద్దిగా మోగితే సెట్టింగుల్లో సరిచేసుకోవచ్చు, బాగా మోగితే రబ్బరు కింద ఏదో వదులైందని అర్థం. యూఎస్‌బీ డ్రైవ్ గుచ్చి మీ వేవ్ ఫైలు ఒకటి ఎక్కించి చూడండి. సబ్ అవుట్‌కి కూడా కేబుల్ పెట్టి వినండి, ఎవరూ వాడరు కాబట్టి అది పాడైనా అమ్మేవాళ్ళకే తెలియదు. మీ ప్యాడ్స్ అబ్బాయిని వెంట తీసుకెళ్ళండి. వాయించేది తనే కాబట్టి తన పుల్లలతోనే కొట్టి చూడమనండి.

కావలి కీబోర్డు

సరే తమ్ముడూ. శనివారం నెల్లూరులో ఒకటి చూడటానికి వెళ్తున్నాం, వాడూ నేనూ. వేవ్ ఫైలు, రెండు కేబుళ్ళు, పుల్లలు సంచిలో పెట్టేశాను.